చెడ్డ వరుస ఎక్కడికి పోయింది? డేటాబేస్‌లోకి పెద్ద డేటా ఎక్కించే సాధనాల ఎంపిక

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ పనిలో ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కోటి వరుసల ఫైలు వచ్చింది, డేటాబేస్‌లోకి ఎక్కించాలి, ఏ సాధనం వేగంగా ఎక్కిస్తుంది?" వేగం గురించి తప్పకుండా మాట్లాడుకుందాం. కానీ అంతకు ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ కోటి వరుసల్లో ఒక్కటి చెడిపోయి ఉందనుకోండి. తేదీ ఉండవలసిన చోట పేరు ఉంది. మీ సాధనం ఆ వరుసను ఏమి చేస్తుంది? పని మొత్తం ఆపేస్తుందా? దాన్ని పక్కన పెట్టి ముందుకు పోతుందా? పక్కన పెడితే ఆ సంగతి మీకు చెబుతుందా? లేక తనకు తోచిన విలువ ఏదో పెట్టి లోపలికి పంపేస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా సాధనాన్ని ఎంచుకోవడం ఎంచుకోవడమే కాదు. చేతికి అందినది వాడుకోవడం అది.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానో ఒక్క ఉదాహరణ చూడండి. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు ఇంగ్లండ్‌లో కోవిడ్ సోకినట్టు తేలిన 15,841 కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. ప్రయోగశాలల నుంచి ఫలితాలు సీఎస్‌వీ ఫైళ్లుగా, అంటే విలువల మధ్య కామాలు పెట్టిన టెక్స్ట్ ఫైళ్లుగా వచ్చేవి. వాటిని ఎక్సెల్ పాత నమూనాలోకి, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌లోకి తీసుకునేవారు. ఆ నమూనాలో ఒక షీటులో పట్టేవి 65,536 వరుసలే. అంతకు మించినవి రాలిపోయాయి. ఆ 15,841 మందిని కలిసినవాళ్లను హెచ్చరించే పని రోజుల తరబడి ఆలస్యమైంది. ఇక్కడ లోపం వేగానిదా? కాదు. ఎన్ని వచ్చాయి, ఎన్ని చేరాయి అన్న లెక్క సరిపోల్చే మెట్టు ఆ దారిలో లేదు. కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ నమూనాకు హద్దు 10,48,576 వరుసలు. హద్దు పెరిగింది గానీ పోలేదు. అందుకే నా మొదటి మాట: డేటా దారిలో స్ప్రెడ్‌షీటు ఉండకూడదు. మనుషులు చూసుకోవడానికి అది మంచి సాధనం. ఒక డేటాబేస్ నుంచి ఇంకో డేటాబేస్‌కు వంతెనగా అది పనికిరాదు. వరుసలు రాలడం ఒక్కటే కాదు, అంకె ముందున్న సున్నాలు పోతాయి, పదిహేను అంకెలు దాటిన సంఖ్యల చివరి అంకెలు సున్నాలైపోతాయి, కొన్ని పేర్లు తేదీలైపోతాయి. మానవ జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఈ బాధ పడలేక 2020లో మార్చ్1 అనే జన్యువు పేరును మార్చ్ఎఫ్1గా మార్చుకుంది. శాస్త్రం తన పేర్లనే మార్చుకోవలసి వచ్చిందంటే ఆలోచించండి.

సరే, సీఎస్‌వీ దగ్గరికి వద్దాం. సీఎస్‌వీ చాలా తేలిక అనుకుంటాం. కామాలు, వరుసలు, అంతే కదా? దీనికి వివరణ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రం 2005 అక్టోబరులో వచ్చింది. అప్పటికే సీఎస్‌వీ దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఆ పత్రం కూడా వాడుకలో ఉన్నదాన్ని వర్ణించిందే తప్ప ఎవరినీ కట్టడి చేయలేదు. కాబట్టి మీకు వచ్చే ప్రతి సీఎస్‌వీ దాన్ని పంపినవాళ్ల సొంత సీఎస్‌వీ. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న విలువలో కొత్త లైను ఉండవచ్చు. చిరునామా రాసేవాళ్లు ఎంటర్ నొక్కుతారు కదా. అంటే ఫైలులోని లైన్ల సంఖ్యా, రికార్డుల సంఖ్యా ఒకటి కావు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పెద్ద ఫైలును లైన్ల లెక్కన పది ముక్కలు చేసి ఒకేసారి ఎక్కిద్దామని చాలామంది అనుకుంటారు. సరిగ్గా ఓ చిరునామా మధ్యలో ముక్క తెగుతుంది. కొటేషన్లను అర్థం చేసుకుని ముక్కలు చేసే సాధనమే అక్కడ వాడాలి.

అక్షరాల సంగతి తెలుగువాళ్లం మనకు ఇంకా బాగా తెలిసి ఉండాలి. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు, అంటే యూనికోడ్ ఒక్కో అక్షరానికో గుర్తుకో ఇచ్చిన సంఖ్య, ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో వార్‌చార్2 అనే అక్షరాల కాలమ్‌కు 30 అని పొడవు ఇస్తే, మీరు వేరుగా చెప్పకపోతే అది 30 బైట్లు. తెలుగులో పది కోడ్ పాయింట్లు, అందులోనే గుణింతపు గుర్తులూ పొల్లులూ లెక్కకు వస్తాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అదే 30 అక్షరాల లెక్క. ఒకచోట పట్టిన పేరు ఇంకోచోట పట్టదు. పైగా ఐత్వం గుర్తును యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు, ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్లు కలిపి కూడా. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఒకే విలువ రెండుసార్లు రాకూడదని యూనిక్ అనే కట్టుబాటు పెట్టినా ఒకే మనిషి రెండుసార్లు చేరతాడు. యూనికోడ్ నార్మలైజేషన్ చేసి, అంటే రెండు రూపాలనూ ఒకే రూపంలోకి తెచ్చి ఎక్కించడం అనే మెట్టు అందుకే కావాలి.

ఇప్పుడు సాధనాలు. మీ డేటాబేస్‌తో పాటు వచ్చే సాధనం దగ్గరే మొదలుపెట్టండి. చాలా సందర్భాల్లో అదే వేగమైనది. అయితే ఒక్కోదాని స్వభావం ఒక్కోలా ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్ చాలా కచ్చితమైనది. ఒక్క తప్పు వరుస కనిపించినా మొత్తం ఆపేస్తుంది. తొంభై లక్షల వరుసలు ఎక్కాక ఆగితే ఆ తొంభై లక్షలూ కనిపించవు. కనిపించవు గానీ డిస్కులో చోటు మాత్రం పట్టుకునే ఉంటాయి, వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని నడిపేదాకా. దీనితో విసిగినవాళ్లు 2024లో వచ్చిన 17వ వెర్షన్‌ను చూసి సంతోషించారు. అందులో ఆన్ ఎర్రర్ ఇగ్నోర్ అనే వీలు వచ్చింది, చెడ్డ వరుసను వదిలేసి ముందుకు పోతుంది. బాగానే ఉంది. కానీ రెండు సంగతులు చూడండి. అది వదిలేసేది కాలమ్ రకంలోకి మారని విలువలున్న వరుసలను మాత్రమే. అంకె రావలసిన చోట అక్షరాలు వచ్చాయనుకోండి, ఆ వరుస వదిలేస్తుంది. ప్రైమరీ కీ, అంటే వరుసను గుర్తించే విలువ, రెండోసారి వచ్చిందనుకోండి, అప్పుడు మళ్లీ మొత్తం ఆగిపోతుంది. రెండోది, వదిలేసిన వరుసలు ఇన్ని అని చివర లెక్క చెబుతుంది, లాగ్ వెర్బాసిటీ, అంటే ఎంత వివరంగా చెప్పాలన్న అమరిక, పెంచితే ఏ లైను, ఏ కాలమ్ అని కూడా చెబుతుంది, కానీ ఆ వరుసలను ఎక్కడా దాచిపెట్టదు. దాచిపెట్టేది కావాలంటే పీజీలోడర్ ఉంది. అది తిరస్కరించిన వరుసలను ఒక ఫైలులో, కారణాలను ఇంకో ఫైలులో రాసి, మిగతావి ఎక్కిస్తుంది. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చుతుంది.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉన్నారు. ఫైలు ఎక్కించే లోడ్ డేటా కమాండ్ వాడతారు కదా? అందులో లోకల్ అనే మాట చేరుస్తారా? చేర్చి ఉంటే ఈ మాట జాగ్రత్తగా వినండి. లోకల్ అనగానే తప్పులన్నీ హెచ్చరికలుగా మారిపోతాయి. ఫైలు అవతలి కంప్యూటర్ నుంచి వస్తోంది, మధ్యలో ఆపమని చెప్పే దారి సర్వర్‌కు లేదు, అందుకని. తప్పు విలువలను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ మీరు పెట్టుకున్నా సరే, ఇక్కడ అది మిమ్మల్ని కాపాడదు. అంకె ఉండవలసిన చోట అక్షరాలుంటే సున్నా పెడుతుంది. పొడవు మించితే కత్తిరిస్తుంది. కీ రెండోసారి వస్తే ఆ వరుసను వదిలేస్తుంది. చివర పని విజయవంతం అంటుంది. హెచ్చరికలు చూద్దామని వెళ్తే, 8.0 వెర్షన్‌లో మామూలుగా దాచేది 1,024 మాత్రమే. లక్ష హెచ్చరికలుంటే మిగతావి ఏమిటో మీకు ఎప్పటికీ తెలియదు. సున్నా అనేది పద్దుల్లో అర్థం ఉన్న విలువ. తప్పుగా వచ్చిన సున్నాను తర్వాత ఎవరు గుర్తుపడతారు? ఆగిపోయిన లోడ్‌ను మళ్లీ నడపవచ్చు. లోపలికి వెళ్లి కలిసిపోయిన సున్నాను వెతికి తీయడం నెలల పని.

ఎస్‌క్యూఎల్ సర్వర్ బల్క్ ఇన్‌సర్ట్‌లో ఇంకో మెలిక ఉంది. చెక్ కన్‌స్ట్రెయింట్స్ అని మీరు స్పష్టంగా అడగకపోతే అది విలువలకు హద్దులు పెట్టే చెక్ నిబంధనలనూ, ఒక టేబుల్ వరుసను ఇంకో టేబుల్ వరుసకు ముడిపెట్టే ఫారిన్ కీలనూ పట్టించుకోదు. పని అయ్యాక ఆ నిబంధనలను నమ్మదగనివిగా గుర్తు పెట్టుకుంటుంది. అంటే టేబుల్ మీద ఫారిన్ కీ ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల తల్లి లేని పిల్ల వరుసలు ఉండవచ్చు. పది తప్పుల వరకు ఓర్చుకుంటుంది, ఆ వరుసలను ఎర్రర్ ఫైలులో రాయమని మనమే అడగాలి.

ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ లోడర్ చాలా పాతది. కానీ ఈ విషయంలో దానికి దండం పెట్టాలి. తిరస్కరించినవి బ్యాడ్ ఫైలులోకి, మన షరతుకు సరిపోనివి డిస్కార్డ్ ఫైలులోకి, కథ మొత్తం లాగ్ ఫైలులోకి. మూడు ఫైళ్లు చూస్తే ప్రతి వరుసకూ లెక్క తేలుతుంది. అయితే వేగం కోసం డైరెక్ట్ పాత్ అనే దగ్గరి దారి పెట్టారంటే వరుస చేరగానే తమంతట తామే నడిచే ట్రిగ్గర్లు, ఫారిన్ కీలు, చెక్ నిబంధనలు ఆ సమయంలో ఆగిపోతాయి. కీ రెండోసారి వస్తే వెతుకులాటకు వాడే సూచిక, అంటే ఇండెక్సు, పనికిరాని స్థితిలో మిగులుతుంది. వేగం కోసం ఏమి వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి, అంతే నేను కోరేది.

ఎస్‌క్యూఎల్‌ లైట్ గురించి ఒక్క మాట. అంకెల కాలమ్‌లో అక్షరాలు వేసినా అది అలాగే దాచేసుకుంటుంది. 2021లో వచ్చిన స్ట్రిక్ట్ టేబుల్స్ వాడండి, ఆ ఇబ్బంది తీరుతుంది.

ఇక పైథాన్. మీలో చాలామందికి చేతి అలవాటు పాండాస్ కదా? మంచి లైబ్రరీయే. కానీ అది ఊహిస్తుంది. ఊహించే సాధనం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. నమీబియా దేశపు రెండక్షరాల కోడ్ ఎన్‌ఏ. పాండాస్ మామూలుగా దాన్ని ఖాళీ అని చదువుతుంది. దేశాల పట్టికలో ఒక దేశమే మాయమవుతుంది. అంకెల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంటే మొత్తం కాలమ్‌ను దశాంశ సంఖ్యలుగా మారుస్తుంది. ఆ రకం తప్పు లేకుండా మోయగల పూర్ణాంకాలు రెండు యొక్క 53వ ఘాతం వరకే, అంటే పదహారు అంకెల సంఖ్య. మీ గుర్తింపు సంఖ్య పద్దెనిమిది అంకెలైతే చివరి అంకెలు మారిపోతాయి. ఎక్కడా తప్పు అని రాదు! అన్నీ అక్షరాలుగా చదవమని, ఖాళీలను ఊహించవద్దని మనం చెప్పగలం. చెప్పండి. ప్రతిసారీ చెప్పండి. పైగా అది ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాగుతుంది కాబట్టి పెద్ద ఫైలును ముక్కలుగా చదవాలి.

మన కంప్యూటర్‌లోనే నడిచే డేటాబేస్ డక్‌డీబీ కూడా ఊహిస్తుంది, మొదట 20,480 వరుసల నమూనా చూసి రకాలు నిర్ణయిస్తుంది. కానీ తర్వాత ఎక్కడైనా ఆ రకానికి సరిపోని విలువ వస్తే ఫలానా లైనులో ఫలానా విలువ అని చెప్పి ఆగుతుంది. స్టోర్ రిజెక్ట్స్ అని అడిగితే చెడ్డ వరుసలను ఒక టేబుల్‌లో పెడుతుంది. అన్నీ అక్షరాలుగా చదవమన్నా చదువుతుంది. మీ మామూలు కంప్యూటర్‌లో పెద్ద ఫైలును ఎక్కించే ముందు పరీక్షించి చూడటానికి ఇప్పుడు నేను మొదట చేయి చాచేది దీని వైపే.

ఇంతసేపూ సాధనాల స్వభావాలు చెప్పాను. మరి ఏమి చేయాలి? నేను గట్టిగా నమ్మే పద్ధతి ఒకటుంది. ఎక్కించడాన్నీ సరిచూడటాన్నీ విడదీయండి. ఒకే అడుగులో రెండూ చేయమని సాధనాన్ని అడిగినప్పుడే ఈ చిక్కులన్నీ వస్తాయి.

ముందు ఒక స్టేజింగ్ టేబుల్, అంటే డేటాను మొదట దించుకునే టేబుల్ పెట్టండి. అందులో కాలమ్‌లు అన్నీ టెక్స్ట్. తేదీ కూడా టెక్స్ట్, డబ్బు మొత్తం కూడా టెక్స్ట్. ఏ నిబంధనా లేదు. ఫైలు పేరు, వరుస సంఖ్య, ఏ విడతలో వచ్చిందో ఆ విడత సంఖ్య, ఇవి అదనపు కాలమ్‌లు. ఇప్పుడు కాపీ కమాండ్ ఎందుకు ఆగుతుంది? రకం మార్చవలసిన పని లేదు, కీ లేదు. ఫైలు నిర్మాణమే చెడిపోతే తప్ప, అంటే కాలమ్‌ల సంఖ్య తేడా వస్తేనో, కొటేషన్ మూయకపోతేనో, అక్షరాలు తప్పు ఎన్‌కోడింగ్‌లో ఉంటేనో తప్ప ఆగదు. అలాంటి ఫైలు అయితే ఆగడమే మంచిది, దాన్ని పంపినవాళ్లకు తిప్పి పంపాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ టేబుల్‌ను అన్‌లాగ్డ్‌గా, అంటే మార్పులను లాగ్‌లో రాయనిదిగా పెడితే ఇంకా వేగం. సర్వర్ కూలితే ఆ టేబుల్ ఖాళీ అవుతుంది, అయితేనేమి? ఫైలు మన దగ్గరే ఉంది కదా.

డేటా లోపలికి వచ్చాక దాన్ని ఎస్‌క్యూఎల్‌తో ప్రశ్నించండి. ఈ తేదీ తేదీయేనా? పోస్ట్‌గ్రెస్ 16 నుంచి పీజీ ఇన్‌పుట్ ఈజ్ వ్యాలిడ్ అనే ఫంక్షన్ ఉంది, విలువనూ రకాన్నీ ఇస్తే అవును, కాదు అని చెబుతుంది, తప్పు విసరదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రై కన్వర్ట్ ఉంది. ఒరాకిల్‌లో వ్యాలిడేట్ కన్వర్షన్ ఉంది. ఫిబ్రవరి 30 అని రాసి ఉన్న వరుసలన్నీ ఒక్క ప్రశ్నతో బయటపడతాయి. ఆ తర్వాత వరుస లోపలి పొంతన. ముగింపు తేదీ మొదలు తేదీకి ముందుందా? ఆ తర్వాత వరుసల మధ్య పొంతన. ఒకే కీ రెండుసార్లు వచ్చిందా? ఈ కొనుగోలుదారు సంఖ్య అసలు టేబుల్‌లో ఉందా? తప్పిన ప్రతి వరుసనూ తిరస్కరణ టేబుల్‌లోకి పంపండి, కారణంతో సహా. ఒక వరుసలో మూడు తప్పులుంటే మూడు కారణాలూ రాయండి. పంపినవాళ్లు ఒకటి సరిచేసి పంపితే రెండోది చెప్పడం, అది సరిచేస్తే మూడోది చెప్పడం వాళ్ల పట్ల అన్యాయం.

మిగిలినవి అసలు టేబుల్‌లోకి ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే చేరితే అన్నీ, లేకపోతే ఏదీ కాదు అన్న పద్ధతిలో వెళ్తాయి. అసలు టేబుల్ మీద నిబంధనలన్నీ ఉండాలి. మన తనిఖీ ఏదైనా మరిచిపోతే అక్కడ ఆగాలి.

ఇప్పుడు మీలో కొందరు అడగాలనుకుంటున్నది నాకు తెలుసు. పైడాంటిక్, పాండేరా, గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్, డీబీటీ, డీక్యూ, డేటా సరిచూసే ఈ సాధనాలన్నీ ఎందుకు మరి? వాటికి వాటి చోట్లు ఉన్నాయి. ఒకదానిలో ఒకటి ఇమిడిన విలువలతో జేసన్ అనే నమూనాలో డేటా వస్తుంటే పైడాంటిక్ లాంటిది రికార్డుకు రికార్డు చక్కగా విప్పి చూస్తుంది. కానీ అది చూసేది ఒక్కో రికార్డునే. ముప్పై లక్షల వరుసల వెనక ఇదే కీ వచ్చిందన్న సంగతి దానికి తెలియదు. ఆ ఫారిన్ కీ డేటాబేస్‌లో ఉందో లేదో తెలియదు. దాన్ని తెలుసుకోవడానికి రికార్డుకు ఒకసారి డేటాబేస్‌ను అడిగే కోడ్ రాస్తే ఆ పని తెల్లవార్లూ నడుస్తుంది. డీబీటీలో యూనిక్, నాట్ నల్, యాక్సెప్టెడ్ వాల్యూస్, రిలేషన్‌షిప్స్ అనే నాలుగు పరీక్షలు సిద్ధంగా ఉంటాయి. అవి లోపలికి వచ్చిన డేటా మీద నడిచే ఎస్‌క్యూఎల్ ప్రశ్నలే, మన స్టేజింగ్ పద్ధతికి సరిగ్గా అతుకుతాయి. డీక్యూ నడిచేది స్పార్క్ మీద, అంటే పనిని చాలా యంత్రాలకు పంచే వ్యవస్థ మీద. డేటా ఒక యంత్రంలో పట్టనప్పుడు దాని అవసరం వస్తుంది. పట్టే డేటాకు స్పార్క్ తెచ్చుకుంటే సరిచూడవలసినవి రెండవుతాయి, డేటా ఒకటి, స్పార్క్ ఒకటి.

వేగం సంగతి చెబుతానన్నాను. చెప్పవలసింది తక్కువే. వరుసకు ఒక ఇన్‌సర్ట్, ఇన్‌సర్ట్‌కు ఒక కమిట్, అంటే మార్పును ఖాయం చేయడం, పెట్టుకోకండి. ప్రతి కమిట్‌కూ లాగ్ డిస్కుకు చేరేదాకా ఆగాలి, మీ సమయమంతా అక్కడే పోతుంది. ఖాళీ టేబుల్ నింపుతుంటే ఇండెక్సులు తర్వాత కట్టండి. ఎక్కించాక గణాంకాలను కొత్తగా లెక్కించే అనలైజ్ నడపండి, లేకపోతే పాత గణాంకాలు చూసి డేటాబేస్ తప్పుదారి ఎంచుకుంటుంది, మర్నాడు క్వెరీలు నెమ్మదించాయని అందరూ మీ దగ్గరికి వస్తారు.

లెక్క గురించి ఇంకొంచెం. విడతల టేబుల్ ఒకటి పెట్టండి. ఫైలు పేరు, దానిలోని విషయం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 ముద్ర, ఫైలులో రికార్డులు ఎన్ని, ఎక్కినవి ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, ముందే ఉన్నందున వదిలేసినవి ఎన్ని. చివరి మూడింటి మొత్తం ఫైలులోని రికార్డుల సంఖ్యతో సమానం కాకపోతే ట్రాన్సాక్షన్ వెనక్కి. మొత్తాల కాలమ్ ఉంటే దాని కూడిక కూడా పంపినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకుని పోల్చండి. వరుసల సంఖ్య సరిపోయి, విలువలు మారిపోయిన సందర్భాలు అప్పుడే పట్టుబడతాయి. ముద్ర మీద యూనిక్ పెడితే అదే ఫైలు రెండోసారి ఎక్కదు. అర్ధరాత్రి పని మధ్యలో ఆగిపోయి ఎవరో మళ్లీ నడిపారనుకోండి, ఈ ఒక్క కాలమ్ మిమ్మల్ని కాపాడుతుంది.

చివరగా, సాధనాన్ని ఎలా పరీక్షించాలి? కోటి వరుసలతో కాదు. ఇరవై వరుసల చెడ్డ ఫైలు ఒకటి మీ చేత్తో రాసుకోండి. ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను సూచించే, కంటికి కనిపించని బీఓఎమ్ గుర్తు పెట్టండి, మొదటి కాలమ్ పేరుకు అది అంటుకుపోతుందేమో చూడండి. ఒక వరుసలో ఫిబ్రవరి 30. ఒక వరుసలో ఎన్‌ఏ. సున్నాలతో మొదలయ్యే కోడ్ ఒకటి. పద్దెనిమిది అంకెల సంఖ్య ఒకటి, కింది వరుసలో అదే కాలమ్ ఖాళీ. కొటేషన్ల మధ్య ఎంటర్ కొట్టిన చిరునామా. కొటేషన్లు పెట్టి ఖాళీగా వదిలిన గడి ఒకటి, ఏమీ లేకుండా వదిలిన గడి ఒకటి. పోస్ట్‌గ్రెస్ సీఎస్‌వీ చదివేటప్పుడు మొదటిదాన్ని ఖాళీ మాటగా, రెండోదాన్ని నల్‌గా, అంటే విలువే లేనిదిగా తీసుకుంటుంది, ఒరాకిల్‌కు రెండూ నల్. ఐత్వం రెండు రకాలుగా రాసిన ఒకే పేరు. రెండోసారి వచ్చిన కీ. ఒక కామా ఎక్కువైన వరుస. చివర మాత్రం ఏ తప్పూ లేని వరుస ఒకటి పెట్టి, దాని తర్వాత కొత్త లైను లేకుండా ఫైలు ముగించండి.

ఈ ఫైలును మీరు ఆలోచిస్తున్న ప్రతి సాధనానికీ ఇవ్వండి. ఏమీ మార్చకుండా, మామూలు అమరికతో మొదట. తర్వాత దాని పుస్తకం చదివి, సరైన అమరికతో మళ్లీ. ఏ వరుస చేరింది, ఏది మారి చేరింది, ఏది చేరలేదు, చేరని సంగతి మీకు ఎక్కడ కనిపించింది, ఇవి కాగితం మీద రాసుకోండి. మారి చేరిన వరుస ఒక్కటి ఉన్నా, దాన్ని ఆపే అమరిక దొరికేదాకా ఆ సాధనాన్ని పక్కన పెట్టండి. ఒక పూట పని ఇది. వెర్షన్ మారినప్పుడల్లా అదే ఫైలు మళ్లీ నడపండి, ఎందుకంటే మామూలు అమరికలు వెర్షన్‌తో మారుతుంటాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.